ఈసీజీ తీస్తే గానీ లేవనన్న చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయిందని మొన్న మంగళవారం పొద్దున తిరుత్తణి నుంచి ట్రంకాల్ వచ్చింది. అంగడి తలుపు తీస్తూనే కూలిపోయిందట. ఆమెకింకా నలభై అయిదు నిండలేదు.

చిన్నాయన పోయాక బజారులోని గుడ్డల అంగడిని ఆమే నడిపింది. ఏ గుడ్డనైనా వాకిట్లో వెలుగుకు పట్టి చూపించాకే అమ్మేది. "ఇంటికి పోయినాక రంగు తెలిస్తే ఏం లాభం? ఇప్పుడే చూసుకోమ్మా" అనేది.

ముప్పై దాటాక కీళ్లనొప్పులు పట్టుకున్నాయి. బుగ్గల మీద ఎర్రటి మచ్చ లేచింది. అంటురోగమేమోనని కొందరు ఆమె చేతి గుడ్డ తాకడం మానేశారు. మద్రాసు డాక్టరు దాన్ని లూపస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బనీ, ఎవరికీ అంటదనీ వివరించారు. ఆ మాట అంగడికి వచ్చిన వాళ్లందరికీ ఆమె తల దించుకోకుండా చెప్పింది.

కొన్నేళ్లకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఊళ్లోని డాక్టరు నాడి చూసి, "ఈ వయసు ఆడవాళ్లకి గుండెజబ్బు యాడ వస్తాదమ్మా? గ్యాసు, అంతే" అన్నాడు.

"గ్యాసైతే చెయ్యెందుకు లాగతాది సామీ? ఆడోళ్లకి గుండె ఉండదా? ఈసీజీ తీస్తే గానీ నేను లేచేది లేదు."

తీశాడు. కాగితం చూసి వెంటనే కారు పిలిపించాడు.

లూపస్ ఉన్నవాళ్లకు రక్తనాళాలు చిన్నవయసులోనే పూడుకుపోవచ్చని మద్రాసులో చెప్పారు. ఆమెకు కొలెస్ట్రాల్ కూడా ఎక్కువే ఉంది. ఏళ్లుగా వాడిన స్టెరాయిడ్ మాత్రలూ దానికి తోడై ఉండొచ్చన్నారు. వాటిని సొంతంగా మాత్రం ఆపొద్దన్నారు. ఆనాటి నుంచి నెయ్యి మానేసింది. సాయంత్రాలు ఎండ తగ్గాక నడిచేది.

ఒకరోజు పక్కనున్న కే.జీ.కండిగై ఊరి నుంచి రవికగుడ్డ కోసం వచ్చిన అమ్మాయి బుగ్గల మీద అదే మచ్చ కనిపించింది. చిన్నమ్మ అంగడి మూసి, ఆ పిల్లను తానే మద్రాసు తీసుకుపోయింది. "కీళ్లు చూసినారు, సరి. దీని గుండె, కొలెస్ట్రాలు కూడా ఇప్పుడే చూడండయ్యా. నాకు లేటుగా చూసినారు" అని డాక్టరును బతిమాలిందట. ఆపైన ప్రతిసారీ ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు.

చిన్నమ్మను నేను చివరిగా చూసింది తిరువళ్లూరు స్టేషన్‌లో. వాళ్లిద్దరూ రైల్లో మద్రాసు నుంచి తిరిగివస్తున్నారు, నేను ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. కిటికీ పక్కన చిన్నమ్మ, ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోతున్న ఆ పిల్ల. రైలు కదిలింది. చెయ్యి ఊపితే పిల్ల లేస్తుందని కాబోలు, చిన్నమ్మ నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది.