అడిగేదాకా ఆగాలట

మా మావయ్యగారికి ఒక గొప్ప ఉంది. రావులపాలెంలో మా కిరాణా కొట్టుకి వచ్చినవాళ్ళు నోరు తెరవనక్కర్లేదు. పూజారిగారు మెట్టెక్కుతుండగానే కర్పూరం పొట్లం బల్ల మీదకి వచ్చేస్తుంది. అరటి గెలల మార్కెట్ పక్కన టీ కొట్టు నడిపే ఆవిడ సందు మలుపు తిరిగేసరికి పంచదార తూకం అయిపోయి ఉంటుంది. "బేరం నోరు తెరిచి అడిగిందంటే మనం కళ్ళు మూసుకుని కూర్చున్నట్టేనమ్మా" అని నేను కాపరానికొచ్చిన కొత్తలోనే చెప్పారు.

ఆ గొప్ప ఇంట్లోకీ వచ్చింది. మా పాప పాలగ్లాసు వైపు చూస్తే చాలు, గ్లాసు దాని చేతిలో ఉండేది. చూపు వీధి వైపు తిరిగితే ఎవరో ఒకరు చంకనేసుకుని గుమ్మంలో నిలబడేవాళ్ళు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మా ఇంట్లో ఆ సామెత చెల్లలేదు.

పాపకి మూడేళ్ళు దగ్గరపడుతున్నా ఒక్క మాట రాలేదు. వేలు చూపించడం, నవ్వడం, ఏడవడం, అంతే. దానికన్నా చిన్నది, ఎదురింటి పిల్ల, పాలు వచ్చాయని వీధంతా వినబడేలా కేకపెడుతుంటే నేను మా పాప వైపు చూసేదాన్ని. దాని వెనకగా వెళ్ళి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టేదాన్ని. పాప తిరిగి చూసేది. వినపడుతోంది కదా అని ఊరట, మరి మాటేదీ అని వెంటనే దిగులు. మాటలొస్తాయని అత్తయ్యగారు కొట్లోంచి వసకొమ్ము తెచ్చి అరగదీసి నాలిక్కి రాశారు. పాప మొహం చేదుగా పెట్టి ఊరుకుంది. "మీ ఆయనకీ ఆలస్యంగానే వచ్చాయే మాటలు. ఇప్పుడు ఆపగలుగుతున్నామా?" అని ఆవిడ నవ్వించబోయేవారు. నాకు నవ్వొచ్చేది కాదు. ఇది నన్ను ఎప్పటికైనా అమ్మా అంటుందా అన్నదొక్కటే నా భయం.

చివరికి రాజమండ్రిలో స్పీచ్ థెరపీ చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. కొట్టు మా ఆయనకి అప్పజెప్పి మావయ్యగారు కూడా బయల్దేరారు. డాక్టరమ్మ బొమ్మలతో ఆడించింది, పరీక్షలు చేయించింది, వినికిడి బాగానే ఉందంది. అంతలో పాప నీళ్ళ సీసా వైపు చూసింది. మావయ్యగారు అప్పటికే మూత తీసేశారు.

"తాతగారూ, పాప అడిగిందాండి?"

"అడగాలేంటండి? కళ్ళు చూస్తే తెలీదూ?"

డాక్టరమ్మ నవ్వింది. "మీ వల్లే మాటలు రాలేదని కాదండి. కొంతమందికి ఆలస్యంగానే వస్తాయి. కానీ అడగడానికి దానికీ కాస్త చోటివ్వండి. వస్తువు చేత్తో పట్టుకుని, పేరు చెప్పి, కొంచెం ఆగండి. అంతే."

అంతే అంది గానీ, మా ఇంట్లో ఆగడం ఎవరికి చేతనవును? వారం వారం రాజమండ్రి వెళ్ళడం తేలికే, ఇంట్లో ఆగడమే గండం. పాప కింద పడి దొర్లి ఏడిచేది. "ఎవరు కనిపెట్టారే ఈ మాయదారి వైద్యం" అంటూ అత్తయ్యగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవారు. అందరికన్నా ఎక్కువ అవస్థ మావయ్యగారిది. అలవాటు మానాలంటే అందరి దగ్గరా మానాలని కొట్లో కూడా మొదలెట్టారు. "ఏం కావాలండి?" అన్నారట. పూజారిగారు గతుక్కుమని, "అదేంటి శెట్టిగారూ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు.

ఒక మధ్యాహ్నం నేను కొట్లో కందిపప్పు చెరుగుతున్నాను. పాప బల్ల ముందు నిలబడి బెల్లం అచ్చు వైపు చూస్తోంది. మావయ్యగారు చిన్న ముక్క కొట్టి చేత్తో పట్టుకున్నారు.

"బెల్లం. ఏం కావాలండి?"

పాప ఆయన్ని చూసింది. ముక్కని చూసింది. పెదాలు ఒకసారి కలిపి విప్పింది.

"బెల్లం."

నా చేతిలో చేట జారిపోయింది. మావయ్యగారికి కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, ముక్క మాత్రం చేతిలోనే ఉండిపోయింది. పాపకి ఒళ్ళు మండింది. "బెల్లం!" అని బల్ల మీద కొట్టింది. అప్పుడిచ్చారు, ముక్క కాదు, అచ్చు మొత్తం.

తర్వాత ఒక్కొక్క మాటే వచ్చింది, కొన్ని వచ్చి మళ్ళీ పోయాయి కూడా. ఇప్పుడు బళ్ళో వేశాం. మాట్లాడొద్దని చెప్పీ చెప్పీ విసిగిపోతున్నామని టీచరుగారు ఫిర్యాదు చేస్తే, నేను సంతోషం దాచుకోలేక నవ్వేశాను. ఆవిడ ఏమనుకున్నారో మరి.

నిన్న బడి నుంచి వచ్చి మంచినీళ్ళ కుండ వైపు చూసింది. పాత అలవాటు, నేను గ్లాసు ముంచి అందించాను. రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"అమ్మా! నేనింకా అడగలేదు కదా!"

గ్లాసు పట్టుకుని ఆగాను.