రుక్మిణత్త కోసిన ముక్కలు

చిలగడదుంపలు ఉడికిన గిన్నె మూత తీయగానే ఆ తియ్యటి మట్టి వాసన ముఖానికి కొడుతుంది. అప్పుడు నేను యానాంలో నా వంటింట్లో ఉన్నా సరే, కాసేపు పుదుచ్చేరి వెళ్ళిపోతాను. మొన్న పక్కింటి కోడలు నెలల పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చి, "పిన్నిగారూ, వీడు చెంచా చూస్తే చాలు, మొహం తిప్పేస్తున్నాడండీ" అని చతికిలబడింది. ఉడికిన దుంపను నిలువుగా, వాడి పిడికిలి దాటి కాస్త బయటికి వచ్చేటంత పొడవుగా కోసి, చల్లార్చి వాడి ముందు పెట్టాను. వాడు దాన్ని పట్టుకుని, నలిపి, ముక్కుకు పూసుకుని, చివరికి నోట్లో పెట్టుకున్నాడు. ఎక్కడ నేర్చుకున్నారని ఆ అమ్మాయి అడిగితే మా పాత ఇంటావిడ దగ్గర అని ఊరుకున్నాను. మిగతాది చెప్పడానికి ఒక పూట పట్టేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆయనకు పుదుచ్చేరికి బదిలీ అయింది. కోసపాళయంలో ఒక పాత ఇంటి మేడమీద వాటాలో దిగాం. కింద ఇంటావిడ రుక్మిణమ్మ ఒక్కతే ఉండేది. వాళ్ళది ఎన్నో తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. కిరుమాంబాక్కంలో పొలం ఉంది, ఆవిడ భర్త ఎక్కువగా అక్కడే ఉండేవాడు. అక్కడి నుంచి దుంపలూ బొప్పాయిలూ బస్సులో గోనెసంచుల్లో దిగేవి. ఆవిడకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. మొదటిరోజు నేను నోరు విప్పగానే, "మీ తెలుగు సినిమా మాదిరి ఉండాదే" అని నవ్వింది. ఆవిడ తెలుగులో సగం అరవమని నేనూ లోపల నవ్వుకున్నాను. వారం తిరగకుండానే ఆవిడ నాకు రుక్మిణత్త అయిపోయింది.

మా పాపకు ఆరు నెలలు నిండి అన్నప్రాశన అయిన దగ్గర నుంచి మా ఇంట్లో రోజూ యుద్ధమే. నేను మెత్తగా మెదిపిన అన్నం కలిపి పెట్టడం, అది పెదాలు బిగించడం, నేను ముక్కు పట్టుకున్నంత పని చేయడం. యానాం నుంచి మా అత్తగారు ఫోనులో, "పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పొయ్యవే" అని సలహా ఇచ్చేవారు. ఒక ఉదయం ఆ రభస విని రుక్మిణత్త మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఏందిమ్మా, బిడ్డ నోరు తెరవకుంటే నువ్వు తెరిచేదా? దానికి చేతులుండాయి కదా."

"చేతికిస్తే తింటుందా అత్తా, ఒళ్ళంతా పూసుకుంటుంది."

"పూసుకోనీ. అది కూడా తినేదే."

ఇడ్లీని వేలు లావున నిలువు ముక్కలు కోసి, పాపను గోడకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, ముందు పెట్టింది. పాప ఒక ముక్కను తీసుకుని పిండి చేసి, రెండోదాన్ని చప్పరించింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతోనే.

అక్కడి నుంచి నాకు పాఠాలు మొదలయ్యాయి. ఏ ముక్కైనా ముందు తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కేది. నలిగితేనే పాపకు. "పండ్లు లేవు కదా దానికి, చిగుర్లతోనే నలగాల." కారట్టు, బీట్‌రూట్ ఆవిరి మీద ఉడకాలి. బొప్పాయి జారిపోతే పైన వేయించిన నువ్వులపొడి అద్దాలి, పట్టు దొరుకుతుంది. ద్రాక్షపండు గుండ్రంగా ఇవ్వడానికి వీల్లేదు, నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. వేరుశనగపప్పు, పచ్చి కారట్టు, మురుకుల ఊసే లేదు. ఉప్పు, చక్కెర ఏడాది దాకా ముట్టనివ్వలేదు. ఆ ఊరి పొడుగాటి ఫ్రెంచి రొట్టె మధ్యలోని మెత్తటిది నేను ఇవ్వబోతే చెయ్యి పట్టుకుంది. "అది నోట్లో ముద్ద కట్టుకుంటాది. పెనం మీద కాల్చి ఇయ్యి." పాప తింటున్నంతసేపూ ఆవిడ చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చునేది. మాట్లాడేది కాదు, నన్ను మాట్లాడనిచ్చేది కాదు. పాపను నవ్వించబోతే నన్ను కసిరేది. పాప ఒకసారి పొలమారి దగ్గితే నేను కంగారుగా ఎత్తుకోబోయాను. "ఉండు. దగ్గనీ. దగ్గితే అదే బయటికి తోసుకుంటాది. సద్దు లేకుంటేనే మనం లేసేది" అంది.

ఆ సద్దు సంగతి ఆవిడకు ఎలా తెలుసో తర్వాత చెప్పింది. ఆవిడ కూతురు వసంత, అల్లుడు కాలాపేటలో ఉంటారు. కొన్నేళ్ళ కిందట బొమ్మల కొలువునాడు, వసంత కొడుకు తప్పటడుగులు వేస్తున్న వయసులో, ఈవిడే వాడి పిడికిట్లో సుండల్ పోసింది. అంటే మన శనగ గుగ్గిళ్ళే. ఆ ఇళ్ళల్లో కొలువు ముందు పెట్టిన నైవేద్యం వచ్చినవాళ్ళకు పంచేముందు ఇంటి బిడ్డ చేతిలో పెట్టడం ఆనవాయితీ. "దేవుడి ముందర పెట్టింది కదా, ఏమవుతాది అనుకొంటి." వాడు దానితో పరుగెత్తాడు, ఒక గింజ అడ్డుపడింది. దగ్గలేదు, ఏడవలేదు, నీలంగా మారిపోయాడు. ఎవరో తలకిందులుగా పట్టుకుని వీపు మీద కొట్టారు, ఆస్పత్రికి పరుగెత్తారు, బతికాడు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. పసిపిల్లలకు ఏది ఏ ఆకారంలో ఇవ్వాలో అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. మిగతాది ఈవిడే సొంతంగా ఆలోచించి ఆలోచించి పట్టుకుంది. "అప్పట్నించి వసంత నా చేత్తో వాడికేమీ పెట్టనీలేదమ్మా. డబ్బాలో తెచ్చుకుంటాది."

అది నేనూ కళ్ళారా చూశాను. వసంత పండగలకీ ఆదివారాలకీ బస్సులో వచ్చేది. అప్పటికి రెండో బిడ్డ, ఆడపిల్ల, మా పాప కంటే కొన్ని నెలలు చిన్నది. తల్లికి పూలు తెచ్చేది, కాళ్ళకు మందు రాసేది. కానీ బిడ్డకు తిండి వేళ కాగానే సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, వీపు ఇటు తిప్పి కూర్చుని పెట్టేది. వంటింట్లో రుక్మిణత్త పొద్దున్నే ఉడికించి కోసి పెట్టిన ముక్కలు చల్లారిపోయేవి. సాయంత్రం అవి మా పాపకు వచ్చేవి. వసంత మీద నాకు ఒళ్ళు మండేది. తల్లిని ఇన్నేళ్ళు శిక్షించే కూతురు ఉంటుందా అని మా ఆయన దగ్గర సణిగేదాన్ని. రుక్మిణత్త మాత్రం ప్రతిసారీ మళ్ళీ కోసేది. ఆవిడకు కావలసింది ఒక్కటే, ఆ మనవరాలు ఒక్కసారి తన చేతి ముక్క తినడం.

ఆ యేడు కొలువుకు పేరంటానికి కిందికి వెళ్ళాను. సుండల్ ఆ ఇంట్లో మానేసి చాలా కాలమైంది, పాయసం మాత్రమే. మా పాపను చాప మీద కూర్చోబెట్టి రుక్మిణత్త ముందు బొప్పాయి ముక్కల పళ్ళెం పెట్టింది. పక్కనే వసంత, ఒడిలో బిడ్డ. ఆ బిడ్డ ముందుకు వంగి మా పాప పళ్ళెంలోంచి ఒక ముక్క గుప్పిట పట్టింది. వసంత చూసింది. ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. బిడ్డ నడుం మీద పట్టు సడలించి, పళ్ళెం వైపు ఇంకాస్త తిప్పి కూర్చోబెట్టింది.

గంధం గిన్నెతో వస్తున్న రుక్మిణత్త అది చూసింది. గిన్నె కింద పెట్టి, మోకాళ్ళ మీద కూలబడి, ఆ చిన్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పి ముక్క తీసేసుకుంది.

"తిననీమ్మా. నువ్వు కోసిందే కదా" అంది వసంత.

"వొద్దు. నీ డబ్బా యాడ?"

"అమ్మా..."

"డబ్బా తియ్యి. నేను చూడలేను."

బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. వసంత డబ్బా తెరిచి, వీపు తిప్పుకుంది.

నేను మరిచిపోయిన తాంబూలం ఇవ్వడానికి ఆ సాయంత్రం వసంత మేడమీదికి వచ్చింది. నోరు ఊరుకోక, "ఇన్నాళ్ళకు నీ మనసు మెత్తబడిందనుకున్నాను" అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. "నా మనసేంది అక్కా? ఆ సంగతైన తర్వాత ఒక దినం పిల్లోడికి నేను ఇడ్లీ పెడతా ఉంటే అమ్మ తలుపు పట్టుకొని నిలబడిండాది. వాడు మింగిందాకా ఆమె ఊపిరి తీసుకోలే. ముఖం చూస్తే నాకు భయమైపోయింది. ఆమె కంట పడకుండా పెట్టాలని అప్పట్నించి డబ్బా తెస్తా ఉండా, అటు తిరిగి కూచుంటా ఉండా."

"అత్త ఇంకోలా అనుకుంటోంది. ఆ మాట ఆవిడతో అనలేదా?"

"ఎట్ల అనేది? అంటే ఆ దినం మాట ఎత్తాల కదా. ఎత్తితే తట్టుకుంటాదా?"

తల్లి బాధపడకూడదని కూతురు పెట్టుకున్న జాగ్రత్తే, ఇన్నేళ్ళుగా ఆ తల్లికి శిక్షగా తగులుతోంది. వసంత మీద నేను సణిగిన సణుగుళ్ళన్నీ గుర్తొచ్చి తల దించుకున్నాను.

పండగ వెళ్ళాక, రుక్మిణత్త పెరట్లో కూర్చుని మునగాకు దూస్తుంటే దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోతుందనీ, వెంటనే కాలాపేట బస్సు ఎక్కుతుందనీ ఊహించుకున్నాను. ఆవిడ ఆకు దూయడం ఆపలేదు.

"అట్ల చెప్పినాదా?"

"అవునత్తా. నీ మీద కోపమే లేదట."

దూసిన రెమ్మను పక్కన పడేసి, "అది నా బిడ్డ నాకు చెప్పాల్సిన మాటమ్మా. నీ నోట విని నేనేం చేసుకునేది?" అంది. కోపంగా కాదు. నా ఒళ్ళో ఉన్న పాప చేతికి మునగరెమ్మ ఒకటి ఇచ్చి, నోట్లో పెట్టుకోబోతే తీసేసుకుంది.

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య మళ్ళీ వేలు పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. మరుసటి ఏడు మాకు మళ్ళీ యానాం బదిలీ అయింది. కొన్నేళ్ళకు వసంత ఫోన్ చేసి అమ్మ పోయిందని చెప్పింది. ఏడ్చి, తేరుకుని, "కడదాకా ఆమె అడగలే, నేను చెప్పలే అక్కా" అంది. పిల్లలిద్దరూ బాగా ఎదిగారట. ఆ చిన్నదానికి అమ్మమ్మ చేతి ముద్ద రుచి తెలియదు. ఫోను పెట్టేశాక ఆ రోజంతా నాకు ఏ పనీ చేతకాలేదు. ఇద్దరూ మంచివాళ్ళే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోవడమే నాకు మరీ కష్టంగా ఉంది.

మా పాపకు ఇప్పుడు ఇరవై దాటాయి. నా మాట ఏదైనా నచ్చకపోతే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. మా ఆయన, "వదిలెయ్యవే, అదే సర్దుకుంటుంది" అంటారు. నేను వదలను. వెళ్ళి తలుపు కొడతాను. "ఏమిటమ్మా నీ గోల?" అని లోపలి నుంచి అరుస్తుంది. "నా గురించి ఏమనుకుంటున్నావో నువ్వే నాకు చెప్పు" అంటాను. కొన్నిసార్లు అది చెప్పింది విని రెండురోజులు అన్నం సహించదు. అయినా మళ్ళీ తలుపు మూసుకుంటే మళ్ళీ వెళ్ళి కొడతాను.