ఇప్పపూల కాలంలో సిలువ మార్గం

1982 జూన్‌లో మా పీఠాధిపతి నన్ను చర్ల అవతల, అడవి అంచున ఉన్న ఒక విచారణకు గురువుగా నియమించారు. విచారణ అంటే ఒక గురువు బాధ్యతలో ఉండే సంఘం, దాని గుడి, చుట్టూ ఉన్న చిన్న పల్లెలు. అంతకుముందు పట్నాల్లో సహాయ గురువుగా పనిచేశాను. విచారణ గురువుగా అదే నా మొదటి నియామకం.

గుడి పెంకులు కప్పిన పొడవాటి ఇల్లు. వానాకాలంలో వాగు పొంగితే బస్సు రాదు. మా సంఘస్థుల్లో ఎక్కువమంది కోస్తా జిల్లాల నుంచి వలస వచ్చి భూములు చేసుకుంటున్నవాళ్లు. గుడి వెనక గుట్ట, గుట్టకు అవతల కోయగూడెం. గూడెం వాళ్లకు తమ వేల్పులు, తమ కొలుపులు ఉన్నాయి. వాగు పక్క చెలక, అంటే మెట్టచేను విషయంలో మా శౌరయ్యకూ గూడెం పెద్ద బుచ్చయ్యకూ తగాదా వచ్చి, నేను వెళ్లేనాటికే రెండు ఊళ్ల మధ్య మాటలు లేవు.

మా ఏడాది పండుగ కాలాల ప్రకారం నడుస్తుంది. ఆగమన కాలం, క్రిస్మస్, విభూది బుధవారంతో మొదలయ్యే తపస్సు కాలం, ఆపైన పాస్కా పండుగ, అంటే ఈస్టర్. పూజకు వేసుకునే వస్త్రం రంగు కూడా కాలాన్ని బట్టే మారుతుంది. అడవికి తన కాలాలు వేరే ఉన్నాయి. తపస్సు కాలం ముగింపుకొచ్చే రోజుల్లో అక్కడ ఇప్పపూలు రాలతాయి. పూలు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింది ఎండుటాకులకు నిప్పు పెడతారు. గాలి తిరిగితే ఆ నిప్పు ఎవరి మాటా వినదు.

రెండో ఏడాది పవిత్ర శుక్రవారం, అంటే క్రీస్తు మరణాన్ని స్మరించే రోజు. ఆ రోజు పూజ ఉండదు. బలిపీఠం మీద గుడ్డ కూడా ఉంచం. గంట మోగించకుండా చెక్క మీద చెక్క కొట్టి జనాన్ని పిలుస్తాం. పొద్దున సిలువ మార్గం. బరువైన కొయ్య సిలువను గుట్ట మీదికి మోసుకెళ్తూ, దారిలో పద్నాలుగు స్థలాల దగ్గర మోకరించి ప్రార్థిస్తాం. గురువు లేనప్పుడు ప్రార్థనలు నడిపే ఉపదేశి రాయప్ప ముందు నడుస్తున్నాడు. శౌరయ్య సిలువ మోస్తున్నాడు.

గుట్ట పైభాగానికి చేరేసరికి అవతలి వైపు పొగ కనబడింది. పూలు ఏరేవాళ్ల మంటే అనుకున్నాం. ఇంతలో గాలి కొట్టింది, మంట వెదురు పొదల్ని అందుకుంది. గణుపులు పేలుతున్న చప్పుడు పైదాకా వినబడింది. మంట గూడెం వైపు పోతోంది.

"ఫాదరుగారూ, గూడెంల ముసలోళ్లు, చంటిపిల్లలే ఉంటరు. తక్కినోళ్లంతా పూలకు పొయ్యుంటరు" అన్నాడు రాయప్ప.

నేను ఏదో చెప్పేలోపే శౌరయ్య సిలువను ఒక బండమీద ఆనించాడు. "ఇది ఇక్కడే ఉంటది ఫాదరుగారూ, ఎక్కడికీ పోదు. పదండి" అని కిందికి దిగిపోయాడు. అందరం అతని వెనకే పరుగెత్తాం. సిలువ మార్గం భక్తిక్రియే గాని జ్ఞానస్నానం లాంటి సంస్కారం కాదు, మధ్యలో ఆపితే నియమభంగం లేదు. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

మా ఆడవాళ్లు ముసలివాళ్లనూ పిల్లలనూ ఎండిపోయిన వాగు ఇసుకలోకి చేర్చారు. మగవాళ్లు పచ్చి కొమ్మలు విరిచి గూడెం చుట్టూ ఆకులు ఊడ్చి, ఉత్త నేల మిగిలేలా బాట తీశారు. నేనూ గురువుల పొడవాటి అంగీ పైకి చెక్కి ఒక కొమ్మ పట్టుకున్నాను. మంట బాట అంచుదాకా వచ్చి తాటిచెట్టంత లేచింది. ఏరు పొంగి వస్తున్నట్టుంది దాని శబ్దం. నిప్పును అంత దగ్గరగా నేను ఎన్నడూ చూడలేదు. అయినా చూపు తిప్పుకోలేకపోయాను. బాట దాటిన రవ్వలను కొమ్మలతో కొడుతూనే ఉన్నాం. చివరి గుడిసె ఒకటి కాలిపోయింది. తినడానికి ఇక ఏమీ దొరకక మంట అక్కడే కుంగిపోయింది.

బుచ్చయ్య, అతని వాళ్లు అడవిలోంచి పరుగున వచ్చేసరికి అంతా పొగ. బుచ్చయ్య కోడలు తన బిడ్డ కోసం గుడిసెలన్నీ వెతికింది. బిడ్డ వాగులో, శౌరయ్య భార్య అన్నమ్మ ఒళ్లో నిద్రపోతోంది. ఆ తల్లి వచ్చి అన్నమ్మ పక్కన కూలబడింది.

మధ్యాహ్నం మూడింటికి జరిగే ఆరాధన ఆపలేదు. దానికి గురువు ఎర్ర వస్త్రం వేసుకుని, బోసిగా ఉన్న బలిపీఠం ముందు బోర్లా పడుకోవాలి. లేచి వెనక్కి తిరిగితే, మసి ముఖాలతో మోకరించిన మా జనం వెనక, గుమ్మం దగ్గర గూడెమంతా కూర్చుని ఉంది. మరణ వృత్తాంతం చదువుతున్నంతసేపూ వాళ్లు కదల్లేదు. మా ముసలమ్మలు ఏడుస్తూ వచ్చి గుడిలోని సిలువను ముద్దుపెట్టుకోవడం కళ్లార్పకుండా చూశారు.

అయిపోయాక బుచ్చయ్య నా దగ్గరికి వచ్చాడు. ఆయన అందరినీ నువ్వనే పిలుస్తాడు.

"నీ మందికి చావయిందని రాయప్ప చెప్పిండు. చావైన ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు గదా. జావ తెచ్చినం."

ఆయన వెనక ఆడవాళ్ల చేతుల్లో కుండలున్నాయి. ఆ మరణం రెండు వేల ఏళ్ల కిందటిదని చెప్పబోయాను.

"అవ్, అదిగూడ చెప్పిండు" అన్నాడు. "మరి ఇయ్యాల ఏడుస్తున్నరు గదా, ఫాదరూ."

ఆ రోజు మాకు ఉపవాసమే, కాని ఒక్కపూట మాంసం లేని భోజనానికి అనుమతి ఉంది, జావలో మాంసం లేదు. తినవచ్చని చెప్పాను. అందరూ గుడి ముందు బంతిగా కూర్చున్నారు. శౌరయ్య దొప్ప చాపితే బుచ్చయ్య పోశాడు.

చెలక తగాదా ఆ రోజుతో తీరలేదు. తాసీల్దారు ఆఫీసు చుట్టూ కొన్నేళ్లు తిరిగి, చివరికి చెరిసగం పంచుకున్నారు. కాని ఆ శుక్రవారం తర్వాత ఏ ఊళ్లో చావైనా రెండో ఊరి నుంచి జావ వెళ్లేది. నేను అక్కడున్నంత కాలం ప్రతి పవిత్ర శుక్రవారం గూడెం కుండలు మా గుడికి వచ్చాయి.

తర్వాత నేను పనిచేసిన విచారణలన్నింటిలో పవిత్ర శుక్రవారం ప్రసంగాన్ని బాగా కుదించాను. చుట్టుపక్కల ఊళ్లకు, అది మాకు చావైన రోజని ముందుగా కబురు పంపడం మాత్రం మానలేదు. పండుగకు పిలుపు కావాలి, చావుకు కబురు చాలు.