పుట్టుమచ్చ మీది మూడు వెంట్రుకలు

న్యాన్ అక్క ఇరవై రెండేళ్లుగా చచ్చిపోయినవాళ్లను జనంలోంచి విడదీస్తోంది. మాట మోటుగా ఉంటే ఉండనీండి, వియత్నాంలోని సాదెక్‌లో మా ఫొటో షాపు పనే అది. ఒంటరిగా ఫొటో దిగి పోయేవాళ్లు ఎంతమంది? పెళ్లి గుంపులోంచో, పడవ పక్కన నిలబడ్డ నలుగురిలోంచో ఆ ఒక్క మనిషినీ కత్తిరించి, వెనక నీలం రంగు వేసి, ఇంట్లో ధూపం వేసుకునే పీఠానికి ఫొటో తయారుచేయాలి. అక్క మౌస్‌తో తల చుట్టూ చుక్క చుక్కగా గీత పెట్టుకుంటూ పోయేది. ఒక్కో తలకు ఒక పూట పట్టేది. అద్దం బిగించేవాణ్ని నేను. చేతులు కట్టుకుని కూర్చోలేక విసుక్కునేవాణ్ని.

అక్క చిన్నప్పుడు వాళ్ల నాన్న పోతే ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదట. ఆయన పేరు రాసిన కాగితానికి దండం పెడుతూ పెరిగింది. అందుకే ఎవరి మొహంలోనూ చిన్న గీత పోనిచ్చేది కాదు.

ఈ ఏడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. మనిషి మీద ఒక్క క్లిక్ చేస్తే చాలు, జుట్టుతో సహా తనే గీత గీసేస్తుంది. అక్క వారం దాకా దాన్ని ముట్టలేదు.

"ఆ బటన్ నొక్కక్కా, నీ సొమ్మేం పోతుంది?" అన్నాను.

"అది మనిషిని చూడదురా హావో. అంచు చూస్తుంది, అంతే."

"ముసలమ్మ చాదస్తం!"

యాభై నిండని మనిషికి ఆ మాట తగిలింది. మర్నాడు వచ్చిన మొదటి ఫొటోకి క్లిక్ నొక్కింది.

అది చేపల వ్యాపారి ఖోయ్ గారిది. ఆయన గడ్డం మీద పుట్టుమచ్చ, దాని మీద మూడు పొడుగాటి వెంట్రుకలు. మావాళ్లు అలాంటి వెంట్రుకలు చచ్చినా కత్తిరించరు, అదృష్టం తెగిపోతుందని. ఫొటోలో ఆయన పక్కకు తిరిగి ఉన్నాడు. గడ్డం దాటి బయటికొచ్చిన ఆ మూడింటినీ సాఫ్ట్‌వేర్ చెత్తలా తీసిపారేసింది. శవం ఇంట్లో ఉందని తొందర. మేమిద్దరం చూసుకోలేదు.

ఆయన భార్య లియెన్ గారికి ఏడ్చి ఏడ్చి కళ్లు కనపడని రోజులవి. నలభై రోజులకు చూపు తేటపడ్డాక మా గుమ్మంలోకి వచ్చి అరిచింది.

"నా మొగుడి మచ్చ మీద వెంట్రుకలు ఎవర్రా గొరిగింది? బతికున్నన్నాళ్లూ మంగలినే అక్కడ చెయ్యి పెట్టనివ్వలేదే! నలభై రోజులుగా ఎవడికి ధూపం వేస్తున్నాను నేను?"

"నేనే పెద్దమ్మా. చూసుకోలేదు," అంది అక్క. నా పేరు ఎత్తలేదు. నేను నోరు మూసుకున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ పూటంతా కూర్చుని మూడు వెంట్రుకలూ చేత్తో గీసింది. నేను అద్దం బిగించాక ఇద్దరం పట్టుకెళ్లాం. కానీ ధూపం అందుకున్న ఫొటోను ఊరికే దించకూడదు. పోయినవాళ్లను అడగాలి. లియెన్ గారు పళ్లెంలో రెండు నాణేలు వేసింది. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే ఒప్పుకున్నట్టు. రెండూ బొమ్మలే పడ్డాయి. మళ్లీ వేస్తే రెండూ బొరుసులు.

"ఏమయ్యా, నీ వెంట్రుకలు నీకు తెచ్చింది ఈ పిల్ల. మొండికెయ్యకు," అని బతిమాలింది.

మూడోసారీ ఆయన ఒప్పుకోలేదు. మూడుసార్లు కాదన్నాక ఇక అడగరు. అక్క పీఠం ముందే కూలబడి ఏడ్చింది. ఆ నాణేలను కాలవలో విసిరేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

లియెన్ గారు కొత్త ఫొటో తీసుకుంది. అద్దం మీద వేలితో మూడు వెంట్రుకలనూ తడిమింది.

"ఆయనకి ఆ మొహం అలవాటైపోయినట్టుందమ్మా. నాకే కాలేదు," అంది. "దీన్ని నా మంచం దగ్గర పెట్టుకుంటా. ధూపం పీఠం మీది ఆ కొత్తాయనకి వేసి, మాటలు మాత్రం ఈయనతో చెప్పుకుంటా."