మోతీబాయి పెంచిన రెండు కిలోలు

గౌరీబాయి మొదటి గెలుపు మోతె ఊరి వారపు అంగట్లో, తూకం దగ్గర. 1983లో ఆమెకు పద్నాలుగేండ్లు. మిర్చి కొనే వ్యాపారి ఉత్త రాయి వేసి తూస్తున్నాడని, ముద్ర ఉన్న ఇనుప తూకపు బాట్లు తెస్తే తప్ప అమ్మనని పట్టుబట్టింది. మూడు వారాలు మిర్చి మూట నెత్తిన పెట్టుకొని తమ లంబాడీ తండాకు తిరిగి నడిచింది. నాలుగో వారం ఆయనే బాట్లు పట్టుకొచ్చాడు.

ఆ తర్వాతివీ చెప్పుకోదగ్గవే. తండాలో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్ల ఆమే. మూడోసారికి పాసైందని ఎత్తిపొడిచేవాళ్ళు తాము ఒక్కసారైనా పరీక్ష రాశారా? మిర్యాలగూడలో నర్సు పని నేర్చింది. సూర్యాపేట దవాఖానలో కొలువు తెచ్చుకుంది.

ఇన్ని గెలిచిన మనిషి ఈ 1997 ఫిబ్రవరిలో కన్నతల్లి నోటి దగ్గర ఓడిపోయేటట్టే ఉండింది.

తల్లి మోతీబాయికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. కూతురు సూర్యాపేటలోని తన కిరాయి గదికి తెచ్చుకుంది. పేగులు మెత్తబడ్డాయి, జొన్నరొట్టె, కారం బంద్ అన్నాడు డాక్టరు. రెండు కిలోలు పెరిగితేనే తండాకు పంపుతానన్నాడు. మోతీబాయి హోలీకి ఎన్ని రోజులున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తండాలో హోలీ పాట ముప్పై ఏండ్లుగా ఆమే ఎత్తుకుంటుంది.

"నేను లేకుంటే పుష్పాబాయి ఎత్తుకుంటది. దాని గొంతుకు మేకలు బెదురుతయ్."

"అయితే తిను యాడీ," అంది గౌరీబాయి. యాడీ అంటే వాళ్ళ భాషలో అమ్మ.

తినడమే కుదరలేదు. సన్నబియ్యం మెత్తగా వండితే, "గిది అన్నమా, గోడకేసే సున్నమా?" అంది. రొట్టె అని బ్రెడ్డు ఇస్తే, "దూది తినుడేంది బేటీ? పరుపుల కుక్కు," అంది. నూడుల్స్ చూడగానే మంచం మీద కాళ్ళు పైకి ముడుచుకుంది. "వానపాములు! నన్ను సంపుతవా?"

పదకొండో రోజు గౌరీబాయి తల్లిని రిక్షా ఎక్కించి, కొత్తగా తెరిచిన అద్దాల దుకాణానికి తీసుకుపోయింది. ధరలన్నీ పిరమే. అయినా, "నీకేం గావాల్నో నువ్వే ఏరుకో," అంది.

అంగట్లో బెల్లమైనా పల్లికాయైనా నోట్లో వేసుకోకుండా ఎవరూ కొనరు. మోతీబాయికి తెలిసిన బేరం అదే. మక్క కంకి బొమ్మ ఉన్న డబ్బా తీసింది, పళ్ళతో చింపింది, పిడికెడు నోట్లో పోసుకుంది.

దుకాణదారు సత్యానందం పరుగెత్తుకొచ్చాడు. ఆయనది ఆంధ్రా సరిహద్దున కోదాడ వైపు మాట.

"అయ్యో పెద్దమ్మా, అట్లా చింపకూడదు! బొమ్మ చూసి కొనాలి."

"ఫొటో జూసి ఒప్పుకోనీకి గిది పెండ్లి సంబంధమా, కొడుకా?"

"చింపారుగా, ఇక తీసుకోవాల్సిందే."

గౌరీబాయికి ఆ మాటలు వినబడటం లేదు. తల్లి రెండో పిడికెడు నములుతోంది. ఇన్ని రోజుల్లో బతిమాలకుండా ఆమె తిన్నది అదే మొదలు.

"మన మక్కలే," అని తేల్చింది మోతీబాయి. "ఎవడో దొడ్డోడు మీద కూసున్నట్టుంది. మజ్జిగున్నదా?"

"కార్న్‌ఫ్లేక్స్ పాలల్లో వేసుకుంటారు పెద్దమ్మా."

"పాలు దూడకు. మేం మక్కరవ్వ గటక ఉడకబెట్టి మజ్జిగలనే తింటం."

సత్యానందం నవ్వి, తన టిఫిన్ క్యారియర్లోంచి మజ్జిగ పోశాడు. ఉప్పు వేసి నానబెట్టిన ఆ గటకను తానూ ఒక చెంచా రుచి చూశాడు. "బాగానే ఉందే!" అన్నాడు. గౌరీబాయి దవాఖానలో డాక్టరును అడిగితే, బాగా నాననిచ్చి పెట్టమన్నాడు.

అప్పటినుంచి ఆ డబ్బాలే. మార్చి పన్నెండున దవాఖాన తూకం మీద మోతీబాయి నిలబడితే ముల్లు పాత తూకం కంటే రెండు కిలోలు దాటి ఊగింది. డాక్టరు కాగితం రాయబోయాడు. గౌరీబాయి మాత్రం తల్లి కాళ్ళ వైపు చూసింది.

"కడియాలు తియ్యి యాడీ."

"ఎందుకే? అవి నా ఒంటి మీదియి గావా?"

"మొదటి తూకం కడియాలు లేకుంట జూసినం. తియ్యి."

"నీకు ఈ బాట్ల పిచ్చి సిన్నప్పటి సందే ఉన్నది!" అని తిట్టుకుంటూనే, వెండి కడియాలు ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పెట్టింది. ముల్లు జారింది. అర కిలో తక్కువ.

డాక్టరు కడుపుబ్బ నవ్వి, ఆ అర కిలోకు పదిరోజుల గడువిచ్చాడు. ఆ సాయంత్రం మోతీబాయి తనంతట తానే రెండు గిన్నెల గటక తాగింది. పుష్పాబాయి గొంతు సవరించుకోనక్కర్లేదని కబురు పంపింది.

తల్లీకూతుళ్ళు తండాకు వచ్చేది గడువు తీరిన మర్నాడే, హోలీకి ముందురోజు, మార్చి 23, ఆదివారం అని కూడా చెప్పించింది.