మూడేళ్ళ నాటి పొట్టు

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట, మా ఇంటి వెనక గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాణ్ణి. ఒక్కో గీత నేను ఏడవని ఒక్కో రోజు. మా నాయన చింతబరికె తీసినప్పుడల్లా "మగోడు ఏడుస్తాడా?" అనేవాడు. మగవాణ్ణని నిరూపించుకోవడానికి అంతకన్న సులువైన కొలత నాకు దొరకలేదు. నాలుగు గీతల మీద ఐదోది అడ్డంగా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కూడి సరిచూసుకునేవాణ్ణి. నా డైరీ అలవాటుకు నాంది ఆ గోడే.

నలభై మూడో గీత గీసిన పొద్దున, నా పలక ముట్టుకుందన్న నేరానికి చెల్లెలి వీపు మీద గుద్దాను. ఆ సంగతిని గోడకు ఎక్కించలేదు. దానికి వేరే గడి లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మగతనానికి నా దృష్టిలో ప్రమాణం మా చిన్నమామ, అమ్మకు తమ్ముడు. ఉగాదినాడు ఊరి రాతిగుండును భుజానికెత్తగలిగినవాడు ఆయనొక్కడే. ఆయన నిద్రపోతుండగా మీసాన్ని స్కేలుతో కొలిచాను: పదకొండు సెంటీమీటర్లు. నా గీతల సంగతి ఆయనకు గొప్పగా చెప్పుకునేవాణ్ణి. అటువంటి మనిషి ఎందుకోగాని వారానికొకసారి కళ్ళంలో ఒంటరిగా నిలబడి, వేరుశనగ పొట్టును చేటతో తూర్పారబట్టేవాడు. కళ్ళు ఎర్రబడేవి, ముక్కు కారేది. అడిగితే కంట్లో పొట్టు పడిందనేవాడు.

చెల్లెల్ని గుద్దిన రోజు మధ్యాహ్నం నేను కళ్ళం గట్టున కూర్చుని చూస్తుండగా, పక్కింటి అవ్వ కట్టెల మోపుతో అటు వచ్చింది. మామ కళ్ళు చూసి మోపు దించింది.

"ఏమప్పా, ఏడుస్తాండావా?"

"లేదవ్వా, పొట్టు పడింది."

"ఈ యేడు చినుకే రాల్లేదు. శెనక్కాయ యాడ పండింది?"

"పోయినేటిది."

"పోయినేడు మాత్రం పండిందా?"

మామ వేళ్ళు మడిచి లెక్కచూసి, "అంతకు ముందేటిది" అన్నాడు.

"మూడేండ్లుగా అదే పొట్టు తూర్పారబడతాండావా! గాలికే విసుగొచ్చింటాది."

నవ్వడం అయ్యాక అవ్వ గొంతు తగ్గించింది. "మీ నాయన నిన్ను గుంజకు కట్టేసి కొట్టిన దినం గూడా దుమ్ము పడిందనే చెప్తివి. ఆయప్ప పోయి పదేండ్లాయె. ఇంగ ఎవురికి జడుస్తాండావు?"

మామ చేట కింద పెట్టాడు. నేలమీద చతికిలబడి, ఏ సాకూ లేకుండా, బిగ్గరగా ఏడ్చాడు. నేను ఆయన మీసాన్నే కనిపెట్టుకుని ఉన్నాను. ఊడి పడుతుందని నా అనుమానం. ఊడలేదు. అవ్వ పక్కనే కూర్చుని, బస్సు కోసం కాచుకున్నంత తాపీగా ఆకూ వక్కా నములుతోంది.

తర్వాత మామ నన్ను పిలిచాడు. "గోడ మీద ఎన్నయినాయిరా?"

"నలభై మూడు" అన్నాను గర్వంగా.

"మీ నాయన గూడా దెబ్బలు తిని ఏడవనోడేరా. లోపలిది యాడికి పోతాది? నీ వీపు మీదికొచ్చింది."

నాకు చెల్లెలి వీపు గుర్తొచ్చింది. నా కూడికలో తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ఏడ్చాను, అవ్వ రెండో వక్క పూర్తయ్యేదాకా.

సాయంత్రం మామ మా ఇంటికొచ్చి, బరికెను విరిచి పొయ్యిలో పెట్టాడు. "ఇంగ పిల్లోని మీద చెయ్యెత్తితే బాగుండదు బావా" అన్నాడు. రాతిగుండు ఎత్తేవాడితో నాయన వాదించలేదు. నాయన చెయ్యి ఆ రోజుతో పూర్తిగా ఆగిందని రాయలేను; ఆగనప్పుడు పరుగెత్తడానికి నాకు మామ ఇల్లు దొరికింది. పలక చెల్లెలికిచ్చేశాను. గోడ మీది గీతలను ఇద్దరం కలిసి పేడతో అలికేశాం.

ఈ మధ్య నిద్రపట్టక అనంతపురంలో మనోవైద్యుని దగ్గరికి వెళ్ళాను. చిన్ననాటి దెబ్బల గురించి విన్నాక ఆయన, చివరిసారి ఎప్పుడు ఏడ్చారని అడిగాడు. ఈ ప్రశ్నకు మగవాళ్ళు సాధారణంగా ఫ్యాను వైపు చూస్తారని కూడా అన్నాడు. నేను సంచిలోంచి డైరీ తీసి, ఏడ్చిన రోజుల కోసం ప్రత్యేకంగా గీసిపెట్టుకున్న గడిలో వేలు పెట్టి చూపించాను.

"మొన్న బుధవారం సార్, సాయంత్రం ఆరుంబావుకు. కంట్లో పొట్టేమీ పడలేదు."