సారు కండ్లద్దాలు

కోరుట్ల కాలేజీల మాతోని పనిచేసిన హిస్టరీ సారు కోపమొస్తే అరవడు. కండ్లద్దాలు తీసి జేబుల పెట్టుకుంటడు.

మొదటి ప్రపంచ యుద్ధం పాఠం కాడ ప్రతి ఏడూ అద్దాలు తీసేటోడు. పుస్తకంల లేకున్నా, టర్కీల ఉన్న ఒక జర్మనీ రాయబారి సంగతి చెప్పేటోడు. టర్కీ జర్మనీకి దోస్తు. ఆ దోస్తే తన దేశంల బతికే ఆర్మీనియన్లను ఊర్లకు ఊర్లు చంపుతుంటే, ఇది తప్పని ఆ రాయబారి టర్కీ మంత్రుల మొఖం మీదనే చెప్పిండు. "మెచ్చుకున్నరనుకుంటున్నరా? సొంత సర్కారే కొలువుల నుంచి తీసేసింది" అనేటోడు సారు.

తెలంగాణ ఉద్యమంల మేము రోడ్డు మీద వంటావార్పు పెట్టినం. సారే ముందు నిలవడ్డడు. అన్నం ఉడుకుతుంటే మావోళ్లే కొందరు పోయి, గుంటూరు నుంచి వచ్చి బతుకుతున్న బజ్జీలాయన బండిని తన్ని పడగొట్టిండ్రు. కాగే నూనె రోడ్డు పాలైంది. సారు అద్దాలు తీసి జేబుల పెట్టుకొని, బండికి అడ్డం నిలవడ్డడు.

"మన కొట్లాట సర్కారుతోని. గీయన పొయ్యితోని కాదు."

"సారు ఆంధ్రోళ్లకు అమ్ముడుపోయిండు" అన్నడు బండిని తన్నినోడు. తెల్లారి సారును దీక్ష టెంటుల కూసోనియ్యలే.

రాష్ట్రం వచ్చినంక ఉద్యమకారులకు సన్మానం చేసిండ్రు. బండిని తన్నినోనికి శాలువా కప్పిండ్రు. సారును పిలవనే లేదు. నేను సభల నుంచి లేసి వచ్చిన. సారును వెతుక్కుంట పోతే గా బజ్జీలాయన బండి కాడనే బజ్జీ తినుకుంట ఉన్నడు.

"మీకు కోపం రాలేదా సార్?"

"ఎందుకు మేడం? కొలువు పోయినంక ఆ జర్మనీ ఆయనకు పిలిచి బజ్జీ పెట్టినోడు ఉన్నడో లేడో" అని నవ్విండు.

అద్దాలు మాత్రం జేబులనే ఉన్నయి.